మెరైన్ పార్క్‌ను కాపాడటానికి ఊరి అండ కూడగట్టడం ఎలా

అడవికి కంచె వేయొచ్చు, గేటు పెట్టి కాపలా కూర్చోబెట్టొచ్చు. సముద్రానికి అది కుదరదు. సముద్రంలో కొంత భాగాన్ని కాపాడటానికి మెరైన్ పార్క్ అని మ్యాప్ మీద గీత గీసినా నీళ్ల మీద ఆ గీత ఎవరికీ కనపడదు, చీకట్లో వల వేసే మనిషికి అసలే కనపడదు. ఆ గీతను నిలబెట్టేది రోజూ ఆ నీళ్లలో తిరిగే మనుషులే. వాళ్లు మనది అనుకుంటే పార్క్ ఉంటుంది, అనుకోకపోతే కాగితం మీదే మిగిలిపోతుంది.

ఫిలిప్పీన్స్‌లో అపో అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి మత్స్యకారులతో సిల్లిమాన్ యూనివర్సిటీకి చెందిన ఏంజెల్ అల్కాలా అనే శాస్త్రవేత్త, ఆయన బృందం చాలా కాలం కూర్చుని మాట్లాడారు. 1982లో ఊరివాళ్లే తీరంలో అర కిలోమీటరు కూడా లేని ఒక ముక్కను ఎంచుకుని అక్కడ వేట మానేశారు. కాపలా కూడా వాళ్లే కాశారు. చట్టం తర్వాత వచ్చింది. ఆ వరస చూడండి, ముందు మాట, తర్వాత ఒప్పందం, ఆ తర్వాత చట్టం. మీ దగ్గరి పార్క్‌లో చట్టం ముందే వచ్చేసి ఉండొచ్చు, చాలా చోట్ల అదే జరిగింది. అయినా మాట దగ్గర నుంచి మొదలుపెట్టడానికి ఆలస్యమైపోలేదు. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది. మీరు టీచర్ అయినా, డైవర్ అయినా, సముద్రం మీద ఇష్టంతో పనిచేయాలనుకునే మామూలు మనిషి అయినా ఇదే దారి.

ముందు వినండి

మొదటి నెల ఏమీ మొదలుపెట్టకండి. పోస్టర్లు వద్దు, బ్యానర్లు వద్దు, టీషర్టులు వద్దు. ఒక నోట్‌బుక్ పట్టుకుని పడవలు ఆగే రేవుకు వెళ్లండి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల పక్కన కూర్చోండి.

నేను పెట్టిన మొదటి మీటింగ్ సాయంత్రం ఐదింటికి. హాలు నిండా కుర్చీలు వేశాం, వచ్చింది ఏడుగురు, అందులో వేటకు వెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రోజు పోటును బట్టి పడవలన్నీ సరిగ్గా అదే టైముకు బయల్దేరాయి. ముందు రోజు రేవులో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు, నేను అడగలేదు. అప్పటి నుంచి ఆటుపోట్ల పట్టిక చూడకుండా, రేవులో ఇద్దరితో మాట్లాడకుండా మీటింగ్ టైము పెట్టను. మీరూ పెట్టకండి.

ఎవరితో మాట్లాడాలి అంటే, పడవ ఉన్నవాళ్లతో మాత్రమే కాదు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గాక రాళ్ల మధ్య, బురదలో గవ్వలు, పీతలు ఏరుకునే ఆడవాళ్లు ఉంటారు. చాలా దేశాల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు చేస్తారు, లెక్కల్లోకి మాత్రం రారు. తీరానికి దగ్గరగా ఒక చోటు మూసేస్తే అందరికన్నా ముందు పని పోయేది వీళ్లకే. పడవల ఇంజన్లు బాగుచేసేవాళ్లు, చేపలు కొనేవాళ్లు, పర్యాటకులను తిప్పేవాళ్లు, ఒడ్డున గదులు అద్దెకిచ్చేవాళ్లు, వీళ్లందరికీ సముద్రంతో సంబంధం ఉంది, ఒక్కొక్కరి సంబంధం ఒక్కో రకం.

మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ మీకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఏది? మీ చిన్నప్పుడు బాగా దొరికి ఇప్పుడు దొరకనిది ఏది? పార్క్ వచ్చాక మీరు ఏం పోగొట్టుకున్నారు? మూడో ప్రశ్న అడగడానికి మనసొప్పదు, జవాబు వినడం ఇంకా కష్టం. కానీ అది అడగకుండా మిగతా రెండూ అడిగితే మీరు వాళ్ల కోసం రాలేదని వెంటనే అర్థమైపోతుంది. వాదించకండి, రాసుకోండి. వాళ్లు చెప్పిన చేపల పేర్లు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, పుస్తకంలోని పేర్లు తర్వాత వెతుక్కోవచ్చు.

రెండో ప్రశ్న పెద్దవాళ్లను అడగడానికి ఒక కారణం ఉంది. డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో ఒక సంగతి చెప్పాడు: ప్రతి తరమూ తను పని మొదలుపెట్టినప్పుడు చూసిన సముద్రాన్నే మామూలు సముద్రం అనుకుంటుంది, అంతకు ముందు ఎంత ఉండేదో దానికి తెలియదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి బుట్టెడు చేపలు బాగానే పడ్డట్టు, అతని తాతకు అవే చేపలు ఏమీ పడనట్టు. ఈ ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడగండి, మీరు చేయబోయే ఏ ఉపన్యాసం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. నేను చూసిన ఒక పెద్దాయన మాట్లాడకుండా మోచేయి దగ్గర నుంచి వేళ్ల చివరి దాకా చూపించి, తర్వాత అరచేతికి వచ్చి ఆగాడు, ఒకప్పటి చేప, ఇప్పటి చేప. పక్కన ఉన్న మనవడు చాలాసేపు ఆ చెయ్యి వంకే చూశాడు.

గీత ఎక్కడుందో వాళ్ల భాషలో చెప్పండి

వినడం అయ్యాక పార్క్ ఆఫీసుకు వెళ్లండి. జోన్ల మ్యాప్, నిబంధనల కాపీ అడగండి. దాదాపు ప్రతి మెరైన్ పార్క్‌లోనూ అన్ని చోట్లా ఒకే నియమం ఉండదు. కొన్ని చోట్ల ఏమీ తీయకూడదు, కొన్ని చోట్ల గాలంతో పట్టుకోవచ్చు, వల వేయకూడదు, కొన్ని చోట్ల మామూలుగా వేట చేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్ చట్టం 1975లో వచ్చింది, అక్కడ జోన్లకు రంగులు పెట్టారు, ఆకుపచ్చ అంటే చూడొచ్చు, తీయకూడదు. 2004లో జోన్లు మళ్లీ గీసినప్పుడు ఆ ఆకుపచ్చ భాగం 5 శాతం లోపు నుంచి సుమారు 33 శాతానికి పెరిగింది. దానికి ముందు జనం దగ్గర నుంచి వేల సంఖ్యలో అభిప్రాయాలు తీసుకుని గీతలు మార్చారు.

మ్యాప్‌లో ఉండేది అక్షాంశాలు, రేఖాంశాలు. చిన్న పడవలో వెళ్లేవాళ్లకు అవి పనికిరావు. వాళ్లు దీపస్తంభం, కొండ కొమ్ము, రెండు బండల మధ్య సందు చూసి దారి పోల్చుకుంటారు. కాబట్టి మీరు చేయగల మొట్టమొదటి పనికొచ్చే పని ఇదే: పొడవాటి కాగితం ఒకటి నేల మీద పరిచి, తీరం గీత ఒక్కటి మీరు గీసి, పెన్ను వాళ్ల చేతికివ్వండి. గుడ్లు పెట్టే చోట్లు, పగడాలున్న చోట్లు, ప్రవాహం ఎక్కువున్న చోట్లు వాళ్లే గీస్తారు. మీరు తెచ్చిన జోన్ల గీతలు దాని మీద వేయండి. రెండూ కలిసిన చోట సరే, కలవని చోట చర్చ మొదలవుతుంది, ఆ చర్చ కోసమే ఈ కాగితం. గుడ్లు పెట్టే చోటు జోన్ బయట ఉండిపోయిందని ఊరివాళ్లు చూపిస్తే ఆ కాగితం ఫొటో తీసి పార్క్ ఆఫీసులో ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. వాళ్ల మాట వెళ్లాల్సిన చోటికి వెళ్లిందని తెలిస్తే రెండోసారి పిలిచినప్పుడు వస్తారు.

తర్వాత ఒక్క పేజీలో ఎక్కడ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, ఏ నెలల్లో అని బొమ్మలతో వేసి రేవులో అతికించండి. రెండు పేజీలైతే ఎవరూ చదవరు.

ఉన్నదున్నట్టు చెప్పండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పార్క్ మీద ప్రేమతో చాలామంది ఎక్కువ చేసి చెబుతారు, ఇక్కడ వేట ఆపితే వచ్చే ఏడాదికి వలలు నిండిపోతాయి అంటారు. వచ్చే ఏడాదికి నిండవు. అప్పుడు మీ మాట మీద నమ్మకం పోతుంది, మళ్లీ రాదు.

నిజంగా జరిగేది ఇది. వేట ఆగిన చోట చేపలు ఎక్కువ కాలం బతుకుతాయి, పెద్దవవుతాయి. చాలా జాతుల్లో ఒక పెద్ద ఆడ చేప పెట్టే గుడ్లు, అదే బరువుకు సరిపడా చిన్న చేపలన్నీ కలిసి పెట్టే గుడ్ల కన్నా ఎక్కువ. ఆ గుడ్లు, పిల్లలు నీళ్లతో పాటు గీత దాటి బయటికి వస్తాయి, లోపల ఇరుకైనప్పుడు పెద్ద చేపలూ బయటికి వస్తాయి. దీనికి ఏళ్లు పడుతుంది. మెక్సికోలోని కాబో పుల్మో 1995లో నేషనల్ పార్క్ అయింది, అడిగి తెచ్చుకున్నది అక్కడి ఊరివాళ్లే, వేట వదిలి డైవింగ్ వైపు మళ్లారు. 1999లో, మళ్లీ 2009లో కొలిస్తే చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. అంత పెద్ద మార్పు అన్ని చోట్లా వస్తుందని చెప్పకండి, అది చాలా బాగా కాపాడుకున్న చోటు, అయినా పదేళ్లు పట్టింది.

న్యూజిలాండ్‌లోని లీ తీరంలో 1975లో ఆ దేశపు మొదటి మెరైన్ రిజర్వ్ పెట్టారు. అక్కడ సీ అర్చిన్లు, ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి జీవులు, సముద్రపు నాచంతా మేసేసి రాళ్లను బోడిగా చేశాయి, ఎందుకంటే వాటిని తినే స్నాపర్ చేపలను, లాబ్‌స్టర్లను మనుషులు పట్టేశారు. వేట ఆగాక అవి తిరిగి పెరిగాయి, అర్చిన్లు తగ్గాయి, కెల్ప్ అనే పెద్ద నాచు అడవిలా తిరిగొచ్చింది. ఒకదాన్ని పట్టడం ఆపితే ఇంకెక్కడో ఏదో మొలుస్తుంది అనడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు, పిల్లలకు కూడా ఇదే చెబుతాను.

కొన్ని చేపలకు పార్క్ వల్ల పెద్దగా లాభం ఉండదు, ట్యూనా లాంటి దూర ప్రయాణాలు చేసే చేపలు చిన్న పార్క్‌లో ఆగవు. అదీ చెప్పండి. నష్టం ఎవరికో ఒకరికి ముందే వస్తుంది, లాభం చాలా ఆలస్యంగా, ఒక్కోసారి వేరేవాళ్లకు వస్తుంది. ఈ మాట మీ నోటి నుంచే రావాలి. అది వచ్చాకే, మరి నష్టపోయేవాళ్లకు ఏం చేద్దాం అనే మాట అందరూ కలిసి మాట్లాడుకోగలరు. టాంజానియాలో జాంజిబార్ దగ్గర చుంబే ద్వీపంలో పార్క్ పెట్టినప్పుడు, అంతకు ముందు వేట చేసినవాళ్లకే శిక్షణ ఇచ్చి రేంజర్లుగా పెట్టుకున్నారు. చేప ఎక్కడుంటుందో తెలిసినవాడికన్నా కాపలాకు ఎవరు పనికొస్తారు? మీ పార్క్‌లో గైడ్, పడవ, సర్వే పనులు ఏవైనా ఉంటే అవి ముందు వీళ్లకు వచ్చేలా పార్క్‌వాళ్లతో మాట్లాడండి.

కలిసి చేసే మొదటి పని చిన్నదిగా ఉండాలి

చాలామంది తీరం శుభ్రం చేయడంతో మొదలుపెడతారు, మంచిదే, అందరూ రాగలరు, ఫలితం అదే రోజు కనపడుతుంది. కానీ దాన్ని పద్ధతిగా చేయాలి.

చెత్త ఎక్కడికి వెళుతుందో ముందు తేల్చుకోండి, బస్తాలు కట్టి ఒడ్డున వదిలేస్తే తర్వాతి పోటుకు మళ్లీ సముద్రంలోకే వెళుతుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు మొదలుపెట్టి, పెరగడం మొదలయ్యేలోపు ముగించండి. గ్లవ్స్, గట్టి చెప్పులు లేని పిల్లలను చెత్త ఏరనివ్వకండి, సూదులు, గాజు ముక్కలు పెద్దవాళ్లే తీయాలి, తీసి గట్టి డబ్బాలో వేయాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును చెత్త అనుకుని ఎత్తేయకండి, ఇసుకలో బతికే చిన్న జీవులకు, వాటిని తినే పక్షులకు అదే ఆధారం. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే ఇసుక తవ్వకండి, రేకు దంతెలు లాగకండి, పార్క్‌వాళ్లను అడిగాకే దిగండి.

వలల సంగతి విడిగా చెప్పాలి. ఇసుకలో సగం కూరుకుపోయిన పాత నైలాన్ వల కనపడగానే నలుగురు కలిసి లాగేస్తారు. ఆగండి. ముందు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూడండి. మేము ఒకసారి అలా కూర్చుంటే చేతి వెడల్పు పీత ఒకటి వలలో చిక్కుకుని ఇంకా కదులుతోంది, ఒక్కో కాలికి రెండు మూడు చుట్లు. చిన్న కత్తెరతో ఒక్కో పోగు కత్తిరించడానికి పావుగంట పట్టింది. దాని తర్వాత ఆ వలను ముక్కలుగా కోసి, పైకి వచ్చినంత వరకే తీశాం. రాళ్లకు, పగడాలకు చుట్టుకున్న వలనైతే అసలు లాగకూడదు, పగడం విరిగిపోతుంది, నీళ్ల కింద అది శిక్షణ ఉన్న డైవర్ల పని.

ఏరిన ప్రతిదీ లెక్కపెట్టండి. సీసాలు ఎన్ని, మూతలు ఎన్ని, తాళ్లు ఎన్ని, ఫోమ్ ముక్కలు ఎన్ని. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో మొదలైన ఇంటర్నేషనల్ కోస్టల్ క్లీనప్ మొదటి రోజు నుంచే ఇలా లెక్క రాయించింది, ఇప్పటికీ ఏటా సెప్టెంబరు మూడో శనివారం చాలా దేశాల్లో జరుగుతుంది. లెక్క ఎందుకంటే, లెక్క ఉంటేనే తర్వాత అడగగలరు. చిన్న తాళ్ల ముక్కలే ఎక్కువుంటే అవి రేవులో వలలు బాగుచేసే చోటి నుంచే వస్తుండొచ్చు, అక్కడ ఒక డబ్బా పెడితే సగం సమస్య తీరొచ్చు. మూడు సార్లు శుభ్రం చేసి మూడు సార్లూ అదే చెత్త దొరికితే నాలుగోసారి బస్తాలతో వెళ్లొద్దు, ఆ చెత్త వచ్చే చోటికి వెళ్లండి.

శుభ్రం చేయడం కన్నా నాకు ఎక్కువ ఇష్టమైన మొదటి పని ఒకటుంది, లంగర్లు. పడవ లంగరు పగడం మీద పడితే, గొలుసు ఈడ్చుకుపోతే, ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క నిమిషంలో పోతుంది. గుండ్రటి బండల్లాంటి పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు, కొన్ని అంతకన్నా తక్కువే పెరుగుతాయి. శాశ్వతంగా కట్టిన తేలే బోయాలుంటే పడవవాళ్లు లంగరు వేయకుండా దానికే కట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టాలో పడవవాళ్లు చెప్పాలి, అనుమతి పార్క్ ఇవ్వాలి, బిగించేది తెలిసినవాళ్లు బిగించాలి, ఏటా తాళ్లు చూసుకోవాలి. ఎవరి పనీ ఆగదు, ఎవరినీ తిట్టక్కర్లేదు, పైగా పడవవాళ్లకు లంగరు లాగే కష్టం తగ్గుతుంది.

పిల్లలను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి

తీరంలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా చాలామంది నీళ్ల కింద ఏముందో చూడరు. చుంబేలో స్కూలు పిల్లలను ద్వీపానికి తీసుకెళ్లి పగడాలు చూపించే కార్యక్రమం ఏళ్లుగా నడుస్తోంది. మీకు ద్వీపం, గాజు అడుగున్న పడవ అక్కర్లేదు. ఆటు సమయంలో రాళ్ల మధ్య నిలిచిపోయే నీటి గుంటలు చాలు.

రోజు ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి తగ్గుతాయి. పట్టికలో అతి తక్కువ నీళ్లున్న టైము చూసి, దానికి గంట ముందు అక్కడికి చేరండి, నీళ్లు తిరగ్గానే వెనక్కి రండి. ముందు రోజు మీరు ఒక్కరే వెళ్లి జారే రాళ్లు ఎక్కడున్నాయో, వెనక్కి వచ్చే దారి ముందు మునిగిపోతుందేమో చూసుకోండి. ఐదారుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ పెద్దల్లో కనీసం ఒకరు ఆ తీరం తెలిసిన మత్స్యకారుడో, గవ్వలు ఏరే అమ్మో అయితే ఇంకా మంచిది. పార్క్ లోపలైతే అనుమతి తీసుకోండి. ఆ తీరంలో కుట్టేవి, విషం ఉన్నవి ఏమున్నాయో వాళ్లను అడిగి పిల్లలకు బొమ్మలు చూపించండి.

నియమాలు మూడే పెట్టండి, పిల్లలతోనే తిరిగి చెప్పించండి. చెయ్యి తడి చేసుకోకుండా దేన్నీ తాకొద్దు, పెద్దవాళ్లు సరే అన్నదాన్నే ఒక్క వేలితో తాకాలి. ఎత్తిన రాయిని ఎత్తినట్టే అదే వైపుగా మెల్లగా పెట్టాలి, రాయి కింద ఉండేవాటికి ఆ చీకటీ తడీ లేకపోతే అవి ఎండిపోతాయి. ఖాళీ గవ్వైనా సరే ఇంటికి తీసుకెళ్లొద్దు. మూడోది పిల్లలు ఒప్పుకోరు, ఖాళీదే కదా అంటారు. అప్పుడు ఖాళీ నత్తగుల్లలో కాపురం పెట్టే పీతను చూపించండి. అది పెరిగే కొద్దీ ఇంకో పెద్ద గుల్ల వెతుక్కోవాలి, మనం గుల్లలన్నీ పట్టుకెళితే దానికి ఇల్లుండదు. ఈ ఒక్క మాటతో జేబుల్లోంచి గవ్వలన్నీ బయటికొస్తాయి, నేను ప్రతిసారీ చూశాను.

అక్కడికి వెళ్లాక పరుగులు పెట్టనివ్వకుండా ఒక గుంట దగ్గర కూర్చోబెట్టండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, నీడ నీళ్ల మీద పడకుండా చూసుకోవాలి. మొదట ఏమీ ఉండదు. తర్వాత రాయి అనుకున్నది నడుస్తుంది. ఇసుక అనుకున్న చోట రెండు కళ్లు తెరుచుకుంటాయి. ఎండిపోయిన రాయి మీద తెల్లగా, గరుకుగా చిన్న చిన్న కొండల్లా అతుక్కుని ఉండే బార్నకిల్స్ అనే జీవులు దొరికితే వాటి దగ్గరున్న లోతు లేని గుంటలో మునిగి ఉన్నవాటిని చూడమనండి. నడినెత్తిన చిన్న తలుపులు తెరుచుకుంటాయి, లోపలి నుంచి ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చి నీళ్లను జల్లెడ పట్టి లోపలికి లాక్కుంటాయి, మళ్లీ వస్తాయి, మళ్లీ లాక్కుంటాయి. అది తిండి తింటోంది, కాళ్లతో. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ క్షణంలో ప్లాస్టిక్ గురించి, కాలుష్యం గురించి పాఠం మొదలుపెట్టకండి, దయచేసి. చూడనివ్వండి.

నా అభిప్రాయం ఇది: చిన్నపిల్లలకు మొదటి రోజే సముద్రం చచ్చిపోతోంది అని చెప్పడం తప్పు. ఇష్టం లేనిదాని గురించి భయం పెడితే వాళ్లు దానికి దూరమవుతారు. 1977లో, ఇప్పటి జార్జియా దేశంలోని టిబిలిసిలో పర్యావరణ విద్య మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం పెట్టుకున్న లక్ష్యాల్లో అవగాహన, జ్ఞానంతో పాటు వైఖరి, నైపుణ్యాలు, పాల్గొనడం కూడా ఉన్నాయి. మనం మాత్రం మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయి, పోస్టర్ పోటీ పెట్టి ఇంటికి పంపేస్తాం.

కాబట్టి రెండోసారి వెళ్లినప్పుడు పని ఇవ్వండి. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న చతురస్రం ఒకటి పైపులతోనో, కర్రలతోనో చేయండి. గుర్తుపట్టగల రాయి పక్కన దాన్ని పెట్టి, లోపల ఏమేం ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో రాయించండి. ఫొటో తీయండి. మూడు నాలుగు నెలల తర్వాత అదే చోట, అలాంటి ఆటులోనే మళ్లీ. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల దగ్గర ఆ అర మీటరు గురించి ఇంకెవరికీ తెలియని లెక్క ఉంటుంది, కొంచెం గర్వం కూడా ఉంటుంది.

కాస్త పెద్ద పిల్లలకు క్లాసులో చేయడానికి ఒక చిన్న ప్రయోగం. ఖాళీ గుడ్డు పెంకు ముక్కను వెనిగర్‌లో వేయండి, బుడగలు వస్తాయి, ఒకటి రెండు రోజులకు పెంకు కరిగిపోతుంది. గవ్వలూ, పగడాల అస్థిపంజరమూ అదే కాల్షియం కార్బొనేట్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి, పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి పైపొర నీటి పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. పీహెచ్ అంటే ఆమ్లత్వాన్ని కొలిచే అంకె, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. ఇది వినడానికి చిన్న తేడా, ఆమ్లత్వం లెక్కలో దాదాపు 30 శాతం పెరుగుదల. సముద్రం వెనిగర్ అయిపోదనీ, జరుగుతున్నది ఇంతకన్నా చాలా మెల్లగా, గుల్ల కట్టుకోవడం కష్టమయ్యే విధంగా జరుగుతోందనీ తప్పకుండా చెప్పండి, లేకపోతే పిల్లలు సముద్రంలో అన్నీ కరిగిపోతున్నాయని ఇంట్లో చెబుతారు.

ఇంటికి ఒక ప్రశ్న పంపండి. తాతనో అమ్మమ్మనో అడిగి రావాలి, మీరు చివరిసారి చూసి, ఇప్పుడు కనపడనిది ఏది అని. పసిఫిక్‌లో పలావు దేశం 2017 నుంచి తమ దేశానికి వచ్చే ప్రతి సందర్శకుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి సంతకం చేయిస్తోంది, ఆ ప్రతిజ్ఞ పలావు పిల్లలను ఉద్దేశించి ఉంటుంది, దాన్ని రాయడంలో పిల్లలూ పాలుపంచుకున్నారు. మీ స్కూలు పిల్లలు తమ పార్క్‌కు వచ్చేవాళ్ల కోసం నాలుగు వాక్యాలు రాసి టికెట్ ఇచ్చే చోట పెట్టమని అడగొచ్చు. అది చదవకుండా పక్కకు పోయేవాళ్లు తక్కువ.

కళ్లతో చూసింది కాగితం మీద పెట్టండి

ఊరివాళ్లే కొలిస్తే ఊరివాళ్లు నమ్ముతారు. దీనికి శాస్త్రవేత్తలు కానక్కర్లేదు. పగడాలున్న చోటైతే కోరల్‌వాచ్ అనే పద్ధతి ఉంది, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ నుంచి 2002లో వచ్చింది. ఒక రంగుల కార్డును పగడం పక్కన తాకకుండా పట్టుకుని, దాని రంగు 1 నుంచి 6 వరకు ఏ అంకెకు దగ్గరగా ఉందో రాయాలి. అంకె తగ్గితే పగడం పాలిపోతున్నట్టు. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తమలో ఉండే ఆల్గే అనే సూక్ష్మమైన నాచును వదిలేసి తెల్లబడతాయి. తెల్లబడిన పగడం అప్పటికే చచ్చిపోయినట్టు కాదు, నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు, కాబట్టి ఆ సమయంలో దాన్ని ఇంకే రకంగానూ ఇబ్బంది పెట్టకుండా చూడటం మన చేతిలో ఉన్న పని. డైవర్లకు పగడపు దిబ్బలను పరిశీలించే రీఫ్ చెక్ సర్వేలున్నాయి, సముద్రపు గడ్డి ఉన్న చోట్లకు సీగ్రాస్ వాచ్ ఉంది, ఏమీ లేకపోతే ఫోన్‌లో ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫొటో ఎక్కించినా చాలు, చోటూ తేదీ నమోదవుతాయి.

ఏ పద్ధతైనా ఒకటే పట్టుకోండి, అదే చోట, అదే నెలల్లో. ఫలితాన్ని మాత్రం కంప్యూటర్‌లో దాచకండి. రేవులో నల్లబోర్డు మీద ఈసారి ఇంత, కిందటిసారి ఇంత అని రాయండి, తగ్గినా రాయండి.

ఎవరైనా నియమం తప్పితే

తప్పుతారు. ఎదురెళ్లి వాళ్ల పడవ ఆపకండి, అది మీ పని కాదు, ప్రమాదం కూడా. టైము, చోటు, ఏం జరుగుతోందో రాసుకుని పార్క్‌వాళ్లకు ఫోన్ చేయండి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి పరువు తీయకండి, అలా చేస్తే ఒక మనిషి కాదు, అతని చుట్టాలంతా పార్క్‌కు శత్రువులవుతారు. మొదటిసారి తప్పిన ఊరి మనిషితో అతని మాట వినే పెద్దవాళ్లు విడిగా మాట్లాడటం, రెండోసారి నుంచి నియమం ప్రకారం పోవడం, ఇలా మెట్లుంటే అందరూ న్యాయం అంటారు. బయటి నుంచి పెద్ద పడవలు వచ్చి పట్టుకుపోతున్నప్పుడు చర్య లేకుండా, గాలం వేసుకునే చిన్నవాడి మీదే జరిమానా పడితే మీరు ఏళ్లు కష్టపడి కట్టుకున్నదంతా ఒక్క రోజులో కూలిపోతుంది. అలాంటప్పుడు ఊరి తరఫున పార్క్‌వాళ్లను గట్టిగా అడగండి.

పర్యాటకులకు చెప్పాల్సింది తక్కువే: పగడం మీద నిలబడొద్దు, చేపలకు తిండి వేయొద్దు, సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఒడ్డున గదులు అద్దెకిచ్చేవాళ్లతో తాబేళ్ల కాలంలో సముద్రం వైపు లైట్లు ఆర్పించండి, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపు వెళతాయి, సముద్రం వదిలి రోడ్డు మీదికి వస్తాయి.

డబ్బు, మనుషులు

ఎంత తక్కువ డబ్బుతో మొదలుపెడితే అంత మంచిది. వచ్చింది ఇంత, పోయింది ఇంత అని ప్రతి నెలా అదే నల్లబోర్డు మీద రాయండి. కరీబియన్‌లోని బొనేర్‌లో మెరైన్ పార్క్ 1979లో మొదలై, డబ్బుల్లేక కొన్నేళ్లు కుంటుపడి, 1992లో డైవర్ల దగ్గర రుసుము తీసుకోవడం మొదలయ్యాకే నిలదొక్కుకుంది. మీ పార్క్‌లో ప్రవేశ రుసుము ఉంటే అందులో కొంత ఊరి పనులకు వచ్చేలా అడగండి, రాతపూర్వకంగా.

ప్రతి పనికీ ఇద్దరుండాలి. చతురస్రం, కత్తెరలు, రంగుల కార్డు, పిల్లల రిజిస్టరు అన్నీ ఒక పెట్టెలో పెట్టండి, ఆ పెట్టె మీ ఇంట్లో ఉంచుకోవద్దు, రేవులోనో స్కూల్లోనో ఉంచండి, తాళం చెవులు రెండు చేయించి ఒకటి టీచర్‌కు, ఒకటి రేవులో రోజూ ఉండే మనిషికి ఇవ్వండి. ప్రతి మీటింగ్ లేచే ముందు ఆటుపోట్ల పట్టిక తెరిచి తర్వాతి పెద్ద ఆటు ఏ రోజో చూసి, ఆ తేదీ, పెట్టె తెరిచే మనిషి పేరు బోర్డు మీద రాయండి. ఆ రోజు మీరు ఊళ్లో లేకపోయినా పిల్లలు గుంటల దగ్గరికి వెళ్లగలగాలి.